నాలుగో ప్రార్థన అంశం

కిందటి వారం మనం ఏనీని ఆసుపత్రి పార్కింగ్‌లో, కారులో, కళ్ళు తుడుచుకుంటూ ఉండగా వదిలేసి వచ్చాం. గుర్తుండే ఉంటుంది. పాప ఫెయిత్ పుట్టి నాలుగు నెలలైంది. మూడు గంటలు ముక్కి ముక్కి, చివరికి ఫోర్సెప్స్ వేసి లాగితే బయటికొచ్చిన తొమ్మిది పౌన్ల పిల్ల అది. ఆ కాన్పులో కటి కింది కండరాలను నడిపించే నరం సాగిపోయిందనీ, తెగలేదు గానీ గట్టిగా దెబ్బతిన్నదనీ సన్నటి సూదులు గుచ్చి పరీక్ష చేసిన డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు ఏనీకి తుమ్మినా, నవ్వినా, పాపను ఎత్తుకున్నా మూత్రం ఆగదు. ఒక్కోసారి అంతకంటే పెద్ద అవమానం. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగవచ్చు. ఏడాది పట్టవచ్చు, రెండేళ్ళు పట్టవచ్చు, పూర్తిగా రాకనూ పోవచ్చు. ఈ సంగతి భర్త షాలేమ్‌కు ఒక్కడికే చెప్పి, డాష్‌బోర్డు మీద ఉండే చిన్న బైబిలు మీద అతని చెయ్యి పెట్టించి, "ఎవరికీ చెప్పకూడదు. మీ అమ్మగారికి కూడా" అని మాట తీసుకుంది.

షాలేమ్ మాట ఇచ్చాడు. మగవాళ్ళ మాటల మీద నాకు పెద్ద నమ్మకం లేదని ఇన్ని వారాలుగా చదువుతున్న మీకు తెలుసు. అయినా ఈ అబ్బాయిని నమ్ముదామనే అనుకున్నాను.

ఇవాళ ఆదివారం. ఫెయిత్ ప్రతిష్ఠ, పాపను సంఘం ముందు దేవుడికి అప్పగించే రోజు.

స్కార్‌బరోలో తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఇంగ్లీషు వాళ్ళ ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం రెండింటికి ఆ హాలు వీళ్ళది అవుతుంది. వాళ్ళ కాఫీ వాసన పోకముందే వీళ్ళ బిర్యానీ డేక్సాలు వంటగదిలోకి చేరతాయి. మార్చి నెల. రోడ్డు పక్కన కుప్పేసిన మంచు నల్లబడి, ఇసుక కలిసిన బెల్లం ముద్దల్లా ఉంది.

షాలేమ్ తల్లి ప్రేమజ్యోతి గుమ్మంలోనే మనవరాలిని నలుగురికీ చూపిస్తోంది. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి ప్రసూతి వార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. కోడలి కాన్పుకని వచ్చి, రెండు నెలలు తిరక్కుండానే సంఘంలో అందరికీ ఆంటీ అయిపోయింది. రోజూ ఉదయం ఆరింటికి ఆడవాళ్ళంతా ఫోన్‌లో చేరి చేసే ప్రార్థన ఇప్పుడు ఆవిడ గొంతు వినపడితే గానీ మొదలు కాదు.

"మా షాలేమ్ తొమ్మిది పౌన్ల మూడు ఔన్సులండీ పుట్టినప్పుడు. ఇది తొమ్మిది పౌన్లు. అచ్చం తండ్రి పోలికే" అని మురిసిపోతోంది. నాలుగు నెలల్లో ఈ మాట ఏనీ కనీసం వందసార్లు విని ఉంటుంది.

ఏనీ వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ఒకప్పుడు ఆమె చోటు ముందు, మైకు దగ్గర. సంఘంలో పాటలు నడిపించేది ఏనీయే. కాన్పు తర్వాత ఒక్క ఆదివారం కూడా పాడలేదు. పైస్థాయికి వెళ్ళాలంటే పొట్ట బిగించాలి, బిగిస్తే కింద ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే పాట మానేసి, గొంతు బాగాలేదని చెప్పుకుంటూ వచ్చింది.

కానీ ఇవాళ పాడబోతోంది. ఎందుకో చెబుతాను.

గురువారం నాడు ఫిజియోథెరపిస్టు తర్షిణి దగ్గరికి వెళ్ళింది. జాఫ్నా నుంచి చిన్నప్పుడే వచ్చేసిన తమిళ అమ్మాయి తర్షిణి. పది వారాలు ఎదురుచూస్తే దొరికిన అపాయింట్‌మెంటు ఆమెది. చిన్న సెన్సరు ఒకటి పెట్టి, దాన్ని కంప్యూటరుకు కలిపి, "బిగించండి" అంటుంది. కండరం కదిలితే తెర మీది గీత పైకి లేస్తుంది. మొదటి నాలుగు వారాలూ ఏనీ ఒళ్ళంతా చెమటలు పట్టేలా బిగించినా ఆ గీత నేలకు అతుక్కున్నట్టే ఉండిపోయింది. ఐదో వారం, ఈ గురువారం, లేచింది. వెంట్రుకవాసి. తర్షిణి దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూపించింది. "పాడేవారు కదా మీరు? మెల్లగా మొదలెట్టండి. ఊపిరితో పాటు ఆ కండరమూ కిందికీ పైకీ ఆడుతుంది. మీకు పాట కూడా వ్యాయామమే" అంది.

ఏనీ ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు, షాలేమ్‌కు కూడా. పాట పాడేసి, కారు ఎక్కాక చెప్పాలని దాచుకుంది. శుక్రవారం, శనివారం బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో సాధన చేసింది. ఆ పిచ్చిపిల్లకు ఎంత సంతోషమో.

పాస్టరు సత్యానందం గారు ప్రార్థన అంశాలు చదవడం మొదలుపెట్టారు. ముందు తెర మీద ఒక్కొక్కటే పడుతున్నాయి. ఒకటి, ఎవరో శాశ్వత నివాసానికి పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్. రెండు, మోకాళ్ళ ఆపరేషన్. మూడు, ఉద్యోగం. ఏనీ చేతిలోని పాటల కాగితాన్ని చూసుకుంటోంది. ఎందుకో తలెత్తింది.

"4. సిస్టర్ ఏనీ షాలేమ్. కాన్పు తర్వాత మూత్రము, మలము ఆపుకోలేని బలహీనత నుండి సంపూర్ణ స్వస్థత కొరకు."

అంత పెద్ద అక్షరాలు. నీలం రంగు మీద తెల్లగా. నూట నలభై మంది.

సత్యానందం గారు చెడ్డవారు కాదు. ఆడవాళ్ళ ప్రార్థన గ్రూపులో వచ్చిన అంశాన్ని వచ్చినట్టు పెట్టించారు, అంతే. పైగా "అమ్మా ఏనీ, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా, సంఘమంతా నీ కోసం ఉంది" అన్నారు మైకులో. ఆడవాళ్ళు నలుగురు లేచి వచ్చారు. ఒకావిడ తల మీద, ఒకావిడ భుజం మీద, ఇంకొకావిడ సరాసరి పొత్తికడుపు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని బిగ్గరగా ప్రార్థించారు. అందరికీ కన్నీళ్ళు వచ్చాయి. ప్రేమ లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కానీ ఆ కడుపు మీద చెయ్యి పడ్డ క్షణంలో, భయానికో దుఃఖానికో, ఏనీకి అంతా జారిపోయింది. కింద కుర్చీ గుడ్డ తడిసిపోయింది.

ప్రార్థన అయిపోయింది. అందరూ ఆమె లేచి పాడుతుందని చూస్తున్నారు. ఏనీ లేవలేదు.

ముందు వరస నుంచి షాలేమ్ గబగబా వచ్చాడు. ఏమీ అడగలేదు. తన చలికోటు విప్పి, ఆమె వెనక పట్టుకుని నిలబడి, "లే, వెళ్దాం" అన్నాడు. కోటు నడుముకు చుట్టుకుని ఏనీ ఆ హాలులోంచి నడిచి బయటికొచ్చింది. ప్రతిష్ఠ జరగలేదు. ప్రేమజ్యోతి పాపను ఎత్తుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

కారు బయల్దేరింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు షాలేమ్ "నేను చెప్పలేదు ఏనీ" అన్నాడు. ఏనీ డాష్‌బోర్డు మీది బైబిలు తీసి గ్లవ్‌బాక్సులో పెట్టి మూసేసింది.

పధ్నాలుగో అంతస్తులో వాళ్ళ అపార్ట్‌మెంటు. ఏనీ స్నానం చేసి, బట్టలు మార్చుకుని, సూట్‌కేసు మంచం మీద తెరిచి పాప డైపర్లు సర్దడం మొదలుపెట్టింది. షాలేమ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావ్?"

"బర్నబీకి ఫ్లైట్ టికెట్ చూడు. సంజయ్ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను."

"అక్కడికెళ్తే ట్రీట్‌మెంట్ ఏమవుతుంది? మళ్ళీ డాక్టర్‌ని వెతుక్కోవాలి, రిఫరల్ కావాలి, వెయిటింగ్ లిస్ట్‌లో పడాలి. ఇప్పుడు మధ్యలో ఆపితే నరం…"

"అక్కడ నా ఉచ్చ గురించి స్లైడు వెయ్యరు షాలేమ్."

ఆ మాట అతనికి తగిలిందని తెలిసింది. అయినా ఆపలేదు.

"బైబిలు మీద చెయ్యేశావు. వారం తిరగలేదు. మరి మీ అమ్మగారికి ఎలా తెలిసింది? దేవుడు బయలుపరిచాడా?"

"నాకు తెలీదు. నేను చెప్పలేదు. ఎన్నిసార్లు చెప్పమంటావు?"

"వాడినేమీ అనకమ్మా." ప్రేమజ్యోతి హాల్లోంచి వచ్చి పాపను కొడుకు చేతికిచ్చింది. "వాడు చెప్పలేదు. నాకు ముందే తెలుసు. దుప్పట్లు ఉతికేది నేను కాదా? ముప్పై ఒక్క ఏళ్ళు లేబర్ రూములో చేసినదాన్ని. నువ్వు తుమ్మొచ్చినప్పుడు కాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడ్డం చూస్తే చాలదా నాకు? నువ్వు ఇంటికొచ్చిన రెండో వారంలోనే తెలిసింది."

ఏనీ చేతిలో మడుస్తున్న పాప చొక్కా అలాగే ఉండిపోయింది. "తెలిసి, నాతో ఒక్క మాట అనలేదేం?"

"నీ అంతట నువ్వే చెప్తావని చూశాను."

"నాతో అనలేదు గానీ గ్రూపులో పెట్టారు."

"ప్రార్థన గ్రూపులోనే పెట్టానమ్మా. పాస్టరు అయ్యగారు తెర మీద వేయిస్తారనుకోలేదు. అది నా తప్పే. కానీ రోగం పేరు రాయకుండా కేస్ షీట్ పంపుతామా డాక్టరుకి? ప్రార్థనైనా అంతే. పేరు పెట్టి, రోగం పేరు పెట్టి అడగాలి. మా వార్డులో అలాగే అడిగేవాళ్ళం."

"నేను మీ వార్డులో పేషెంటుని కాదు అత్తయ్యా!" ఏనీ అరిచింది. పాప ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. "మొన్న గురువారం గీత లేచింది, తెలుసా మీకు? ఐదు వారాలకు మొదటిసారి. కొంచెమే. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. ఇవాళ పాడి, ఆ తర్వాత చెప్దామనుకున్నా. ఇక నేను ఏ మొహం పెట్టుకుని పాడతాను అక్కడ? నేను నోరు తెరిస్తే వాళ్ళకి పాట వినిపిస్తుందా? ఆ స్లైడే కనిపిస్తుంది."

షాలేమ్ "గీత లేచిందా?" అన్నాడు మెల్లగా. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కబురు అతనికి అందాల్సిన తీరులో అందలేదు. దానికి నాకు ఇవాళ ఎంత బాధగా ఉందో చెప్పలేను.

ప్రేమజ్యోతి మంచం చివర కూర్చుంది. కూర్చోగానే ఇంకో పదేళ్ళు మీద పడ్డట్టు కనిపించింది. తన చేతులు తానే చూసుకుని, కొడుకును అడిగింది.

"సరోజన పిన్ని గుర్తుందా నీకు?"

"ఇప్పుడు పిన్ని గొడవ ఎందుకమ్మా?"

"గుర్తుందా లేదా?"

"గుర్తుంది. రాజమండ్రిలో హాస్టల్ వార్డెన్. ఎప్పుడో గానీ వచ్చేది కాదు. వచ్చినా గుమ్మం పక్కన చెక్క కుర్చీలోనే కూర్చునేది. మెత్త కుర్చీ వేస్తే వద్దనేది."

"ఎందుకనేదో ఎప్పుడైనా ఆలోచించావా?"

షాలేమ్ ఏనీ వైపు చూశాడు. ఇందాక హాలులో తడిసిన కుర్చీ అతనికి గుర్తొచ్చి ఉండాలి.

"నీకు ఆరేళ్ళు. క్రిస్మస్‌కి వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నువ్వు ముక్కు మూసుకుని, 'అమ్మా, పిన్ని దగ్గర వాసనొస్తోంది' అన్నావు. అందరూ విన్నారు. నవ్విందిరా అది. నవ్వి, నిన్ను కిందికి దింపి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయింది. మళ్ళీ మనింటికి రాలేదు."

"నాకు… నాకు గుర్తులేదమ్మా."

"చిన్నవాడివి. నీ తప్పు కాదు."

ఏనీ మంచానికి అవతలి వైపు నిలబడే ఉంది. కోపం పోలేదు. కానీ వినకుండా ఉండలేకపోయింది.

"నా చెల్లెలు. నాకంటే ఏడేళ్ళు చిన్నది. ఇరవై ఒక్క ఏళ్ళకి కాన్పొచ్చింది, మా ఆసుపత్రిలోనే. నేనే డ్యూటీలో ఉన్నాను. డాక్టరు గారు ఊళ్ళో లేరు. పక్క టౌన్ నుంచి రావాలి. వచ్చేదాకా నేనే దాని పక్కన నిలబడి 'ముక్కమ్మా, ముక్కు' అంటూ ఉన్నాను. నాలుగ్గంటలు. చివరికి ఆయనొచ్చి ఫోర్సెప్స్ వేశారు. ఆ తర్వాత దానికి నీలాగే అయింది, ఏనీ. అచ్చం నీలాగే. నెల తిరగ్గానే వచ్చి అడిగింది, అక్కా, ఇది తగ్గుతుందా అని. నేనేం చెప్పానో తెలుసా? పిల్లలు పుట్టాక ఎవరికైనా అంతే, సర్దుకుంటుంది అన్నాను. వార్డులో అందరికీ అదే చెప్పేదాన్ని. ఎంతమందికి చెప్పానో. ఏ నరమో, ఏ వ్యాయామమో మాకెవరు నేర్పారు?"

ఏనీ అడిగింది, "ఆవిడ భర్త?"

"రెండు నెలలు చూశాడు. ఇలాంటి మనిషితో కాపురం ఎలా చెయ్యమంటారు అని మా నాన్నతో అన్నాడు. ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడు అది నా చేత బైబిలు మీద చెయ్యి వేయించుకుంది, ఎవరికీ చెప్పొద్దని. నేను చెప్పలేదు. ఇరవై రెండేళ్ళు దాచాను. తడుస్తుందని నీళ్ళు తాగడం మానేసిందమ్మా. మానేస్తే ఇన్ఫెక్షన్లు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎందుకొచ్చాయో చెప్పాలి కదా, వెళ్ళలేదు. చివరికి కిడ్నీలు పోయాయి. నలభై మూడేళ్ళకే పోయింది. పెట్టెలో పెట్టేముందు కడిగింది నేనే."

ప్రేమజ్యోతి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. గుమ్మంలో మురిసిపోయిన మనిషి, ప్రార్థనలో అందరికంటే గట్టిగా వినపడే మనిషి, ఈవిడేనా అనిపించింది.

"పోయిన సోమవారం నీ నీళ్ళ సీసా చూశాను. పొద్దున్న నింపింది సాయంత్రానికి అలాగే ఉంది. మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. నాకు దడ పట్టుకుంది. మళ్ళీ నోరు మూసుకుని ఇంకో పిల్లని చంపుకుంటానా అనిపించింది. ఆ భయంలోనే గ్రూపులో పెట్టేశాను. నీతో మాట్లాడాల్సింది. ధైర్యం చాల్లేదు."

ఏనీ చేతిలోని పాప చొక్కాను మడిచి సూట్‌కేసులో పెట్టింది.

"మీ చెల్లెలు చెప్పొద్దంటే దాచారు. నేను ఏమీ అనకముందే అందరికీ చెప్పారు. రెండుసార్లూ మమ్మల్ని అడగలేదు అత్తయ్యా. నీకేం కావాలని ఒక్కసారి అడిగుంటే చాలు. నేను మిమ్మల్ని ఇప్పుడు క్షమించలేను. నాతో అబద్ధం చెప్పించొద్దు."

"వద్దమ్మా. అబద్ధం వద్దు" అంది ప్రేమజ్యోతి.

ఏనీ సూట్‌కేసు మూత వేసింది. జిప్పు మాత్రం లాగలేదు. మంచం పక్క బల్ల మీద నీళ్ళ సీసా నిండుగా ఉంది. దాన్ని తీసి, మూత తిప్పి, నిలబడే తాగింది. సగం తాగి ఆగింది. అత్తయ్య వైపు చూడకుండానే మిగతా సగమూ తాగింది. ప్రేమజ్యోతి చేతులు జోడించి నోరు నొక్కుకుంది.

బర్నబీ వెళ్తుందా, ఉంటుందా అనేది ఏనీకే ఇంకా తెలియదు. కానీ ఒక సంగతి ఆమెను ఇందాకటి నుంచీ పీడిస్తోంది. అంత కష్టపడి కన్న తల్లి కథలో, ఇంతసేపూ ఒక మనిషి ఊసే రాలేదు.

"అత్తయ్యా, ఆవిడకి పుట్టిన బిడ్డ ఏమయ్యాడు? బతికాడా?"

ప్రేమజ్యోతి కిటికీ వైపు చూసింది.

"బతికాడు. బంగారం లాంటి బిడ్డ. నేనే తూకం వేశాను" అంది. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన మాట, ఆపుకుందామన్నా ఆగకుండా వచ్చేసింది. "తొమ్మిది పౌన్ల మూడు ఔన్సులు."

ఏనీ చేతిలోంచి ఖాళీ సీసా కింద పడింది.

షాలేమ్ పాపను భుజం మీదికి సర్దుకుంటూ సర్దుకుంటూ ఆగిపోయాడు.

"అమ్మా," అన్నాడు, "అది నా బరువు కదా?"